సుబాబుల్ ఆకు వచ్చింది, దాని విరుగుడు రాలేదు – గొర్రెపిల్లల మేత గురించి ఒక పాత కథ



పోయిన పోస్టులో దాణా ఖర్చు గురించి రాస్తే చాలామంది ఒకటే అడిగారు. "గట్టు మీద సుబాబుల్ ఉంది, ఊరికే వచ్చే ఆకు, అదే వేసి పిల్లల్ని పెంచొచ్చు కదా?" అని. పెంచొచ్చు. కానీ ఆ మాట ఒక్క ముక్కలో చెబితే మీరు కూడా నాలాగే దెబ్బ తింటారు. అందుకని కొంచెం పెద్దగా రాస్తున్నాను. ఓపికగా చదవండి. ఇందులో నా కథ తక్కువ, ఆ చెట్టు కథే ఎక్కువ.

ముందు నా దెబ్బ సంగతి చెబుతాను. 2002 కరువు మీలో యాభై దాటినవాళ్ళందరికీ గుర్తుండే ఉంటుంది. జులై అంతా చూశాం, వాన లేదు. జొన్న చొప్ప లేదు, వేరుశెనగ కట్టె లేదు. కొందామంటే రేటు ఆకాశంలో ఉంది. నా దగ్గర అప్పటికి పాలు మరిచిన పిల్లలు ఇరవై ఎనిమిది ఉన్నాయి, అన్నీ నెల్లూరు జోడిపి రకం. వాటిని నాలుగు నెలలు మేపి అమ్మి మా అమ్మాయి కాలేజీ ఫీజు కట్టాలని లెక్క. చేలో పేపరు మిల్లు కోసం వేసిన సుబాబుల్ రెండెకరాలు మాత్రం పచ్చగా ఉంది. ఎండకి అది బెదరదు కదా. ఇక నాకంటే తెలివిగలవాడు లేడనుకున్నాను. పొద్దున ఒక మోపు, సాయంత్రం ఒక మోపు, కొమ్మ కొట్టి వేయడమే. వేరే మేత ఒక్క పరక కూడా వేయలేదు.

మొదటి పది రోజులు పిల్లలు ఎగబడి తిన్నాయి. కడుపులు నిండుగా, కళ్ళు మెరుస్తా ఉండేవి. మా మామ వచ్చి చూసి, "ఏం అల్లుడూ, ఒక్క కూరతోనే అన్నం పెడతన్నావు వాటికి" అన్నాడు. నేను నవ్వి ఊరుకున్నాను.

మూడో వారంలో వీపు మీద చెయ్యి వేస్తే బొచ్చు చేతికి వచ్చింది. నాలుగో వారానికి నడుము మీద నున్నగా చర్మం కనబడింది. నోట్లో చొంగ, మేత దగ్గరికి వచ్చి వాసన చూసి వెనక్కి పోవడం. మా ఆవిడ దిష్టి అని ఉప్పూ మిరపకాయలూ తిప్పింది. నేను గజ్జి అనుకుని మందు పూశాను. రెండు నెలలు గడిచేసరికి కొన్నిటికి గొంతు కింద గడ్డలాగా వాపు వచ్చింది. రెండు చచ్చిపోయాయి. పశువుల డాక్టరు గారు దొడ్లోకి అడుగుపెట్టి మేత వైపు చూసి అడిగిన మొదటి ప్రశ్న, "ఇది తప్ప ఇంకేం పెట్టడం లేదా?" అని. మిగిలిన ఇరవై ఆరూ అమ్మితే ఫీజుకి సగం వచ్చింది. మిగతా సగం వడ్డీకి తెచ్చి కట్టాను.

ఆ రోజున డాక్టరు గారు "ఆకులో విషం లాంటిది ఉంటుందయ్యా" అని చెప్పి వదిలేశారు. విషమైతే మొదటి పది రోజులు అంత బాగా ఎలా తిన్నాయి? వేరే దేశాల్లో మేపుతున్నారని పేపర్లో ఎలా రాస్తున్నారు? ఈ ప్రశ్న నాకు చాలా ఏళ్ళు ఉండిపోయింది. తర్వాత తర్వాత చదువుకుంటూ, మా అబ్బాయి చేత చదివించుకుంటూ తెలుసుకున్నదే ఇప్పుడు మీకు చెబుతున్నాను.

చెట్టు పుట్టిల్లు

సుబాబుల్ మన చెట్టు కాదు. పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా. అక్కడ దాన్ని "వాహే" అంటారు. మెక్సికోలో ఒహాకా అనే పెద్ద రాష్ట్రం ఉంది. దాని పేరు అక్కడి పాత నహువాటల్ భాషలో ఈ చెట్టు పేరు మీదనే వచ్చింది. మనకి చింతలపూడి, తుమ్మలచెరువు, వేపాడ ఉన్నట్టే అనుకోండి. అక్కడి జనం ఈ కాయల్లోని గింజలు ఇప్పటికీ తింటారు.

1565 నుంచి 1815 దాకా, అంటే రెండు వందల యాభై ఏళ్ళు, స్పెయిన్ వాళ్ళ ఓడలు మెక్సికోలోని అకపుల్కో రేవుకీ ఫిలిప్పీన్స్‌లోని మనీలాకీ మధ్య తిరిగాయి. వెండి అటు పోయేది, పట్టూ సుగంధ ద్రవ్యాలూ ఇటు వచ్చేవి. ఆ రోజుల్లోనే ఈ చెట్టు కూడా సముద్రం దాటి ఫిలిప్పీన్స్ చేరింది. అక్కడ దాని పేరు ఇపిల్-ఇపిల్. అక్కణ్ణించి ఆసియా అంతా పాకింది. హవాయి దీవుల్లో దాన్ని "కోవా హవోలే" అన్నారు, అంటే పరదేశి కోవా చెట్టు అని అర్థం.

వెస్టిండీస్ దీవుల్లో ఈ ఆకు మేసిన గుర్రాలకి జూలు, తోక వెంట్రుకలు రాలిపోతాయని అక్కడి రైతులు చాలా కాలం నుంచీ చెప్పుకుంటూనే ఉన్నారు. అంటే నా దొడ్లో 2002లో జరిగింది కొత్త వింతేమీ కాదు. ముందు తరాల వాళ్ళు చూసిందే. చెప్పేవాళ్ళు లేక నేను మళ్ళీ డబ్బులు పెట్టి నేర్చుకున్నాను.

ఆ వెంట్రుకలు రాల్చే పదార్థం పేరు మిమోసిన్. ఆ పేరు ఎక్కడిదనుకున్నారు? ముట్టుకుంటే ముడుచుకునే అత్తిపత్తి మొక్క ఉంది కదా, దాని శాస్త్రీయ నామం మిమోసా. మొదట అందులో దొరికింది కాబట్టి ఆ పేరు. సుబాబుల్‌లో అది లేత చిగుళ్ళలో ఎక్కువ, ముదురాకులో తక్కువ. గొర్రెపిల్ల ఏం చేస్తుంది? ముందు చిగుళ్ళే ఏరుకుని తింటుంది.

ఉన్ని కత్తిరించే పని తప్పించిన ఆకు

ఆస్ట్రేలియా వాళ్ళకి గొర్రెలంటే మనకి వరి ఎంతో అంత. ఉత్తరాన క్వీన్స్‌లాండ్ ఎండ ప్రాంతంలో పచ్చ మేత కోసం ఈ చెట్టు మీద కన్ను వేశారు. ఎండిన గడ్డిలో, జొన్న చొప్పలో మాంసకృత్తులు నూటికి నాలుగైదు పాళ్ళు ఉంటాయి. వేరుశెనగ కట్టెలో పది దరిదాపు. సుబాబుల్ ఆకులో, ఎండు బరువు మీద లెక్కేస్తే, ఇరవై నుంచి ఇరవై అయిదు. పెరిగే పిల్లకి కండ పట్టాలంటే కావలసింది అదే కదా.

హెగార్టీ అనే శాస్త్రవేత్త, ఆయనతో పనిచేసినవాళ్ళు గొర్రెలకి ఈ ఆకు పెట్టి చూసి 1964లో ఫలితం ప్రకటించారు. ఒక్కసారిగా ఎక్కువ పెడితే గొర్రెల ఉన్ని ఊడి వచ్చింది. 1975లో అక్కడి పరిశోధకులే ఇంకో అడుగు ముందుకేసి, ఈ మిమోసిన్ ఇస్తే గొర్రెల ఉన్ని కత్తెర అక్కర్లేకుండా దానంతట అదే ఊడుతుంది కదా, కత్తిరింపు కూలి మిగులుతుంది కదా అని కూడా పరీక్షలు చేశారు. అది వాడుకలోకి రాలేదనుకోండి. కానీ నా ఇరవై ఎనిమిది పిల్లల వీపులు నున్నగా ఎందుకయ్యాయో నాకు అది చదివాక అర్థమైంది. మా ఆవిడకి చెబితే, "మరి అప్పుడే చెప్పొచ్చు కదా, రెండు కిలోల ఉప్పు మిగిలేది" అంది.

గొంతు వాపు సంగతి ఇంకో మెలిక. గొర్రె నెమరు వేసే జంతువు. దాని పెద్ద పొట్టలో కోట్ల కోట్ల సూక్ష్మజీవులు మేతని నానబెట్టి విరగ్గొడతాయి. అవే మిమోసిన్‌ని కూడా విరగ్గొడతాయి. అంతవరకు మంచిదే. కానీ విరిగాక వచ్చే రెండో పదార్థం, పొట్టిగా డి.హెచ్.పి. అంటారు, థైరాయిడ్ గ్రంథి పనిని అడ్డుకుంటుంది. గ్రంథి ఉబ్బుతుంది, ఆకలి చచ్చిపోతుంది, ఎదుగుదల ఆగిపోతుంది. అంటే బొచ్చు రాలడం మొదటి దెబ్బ, గొంతు వాపు రెండో దెబ్బ. నేను రెండూ తిన్నాను.

హవాయి మేకల రహస్యం

ఇక్కడే అసలు కథ. ఆస్ట్రేలియాలో రేమండ్ జోన్స్ అనే పచ్చిక శాస్త్రవేత్త ఉండేవారు. ఆయనకి ఒక విషయం మింగుడు పడలేదు. ఆస్ట్రేలియాలో ఈ ఆకు మేసిన పశువులకి థైరాయిడ్ ఉబ్బుతోంది. హవాయిలో మేకలు అదే ఆకు కడుపునిండా తింటున్నా వాటికి ఏమీ కావడం లేదు. చెట్టు అదే, ఆకు అదే, మిమోసిన్ అదే. తేడా ఎక్కడ?

తేడా ఆకులో కాదు, కడుపులో ఉండాలని ఆయన అనుమానించారు. 1981లో ఆ మాట పత్రికలో రాశారు కూడా. హవాయి మేకల పెద్ద పొట్టలో డి.హెచ్.పి.ని కూడా విరగ్గొట్టగలిగే సూక్ష్మజీవి ఏదో ఉంది, ఆస్ట్రేలియా పశువుల్లో అది లేదు, అని. తర్వాత హవాయి మేకల పొట్టలోని సూక్ష్మజీవుల్ని నిబంధనల ప్రకారం ఆస్ట్రేలియాకి తెచ్చి అక్కడి పశువులకి ఎక్కించారు. అవి కూడా సుబాబుల్ తిని నిలబడ్డాయి. 1986లో ఆ ఫలితం అచ్చయింది. 1992లో ఆ సూక్ష్మజీవికి పేరు పెడుతూ ఆయన పేరే కలిపారు, సినర్జిస్టీస్ జోన్సీ అని.

ఇంకా విచిత్రం ఏంటంటే, మందలో ఉన్న ప్రతి పశువుకీ ఎక్కించనక్కర లేదు. కొన్నిటికి ఎక్కిస్తే కలిసి మేసేటప్పుడు మిగతావాటికి అదే పాకుతుంది. మన పెరుగు తోడు లాగా. క్వీన్స్‌లాండ్‌లో తర్వాత ఆ తోడు తయారు చేసి రైతులకి ఇవ్వడం మొదలుపెట్టారు.

ఈ సంగతి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మనం విత్తనం తెచ్చుకున్నాం. ఓడలెక్కించి, ఖండాలు దాటించి, గట్ల మీద నాటాం. కానీ దాని పుట్టింట్లో జంతువుల కడుపులో దాన్ని అరాయించే చిన్న ప్రాణి ఒకటి ఉందని ఎవరికీ తెలియదు. చెట్టు వచ్చిన చోటికల్లా విరుగుడు రాలేదు.

మన గట్టు మీదికి ఎలా వచ్చింది

పొట్టి రకం సుబాబుల్ మన దేశంలో అంతకు ముందు నుంచే ఉంది. పొడుగ్గా, చప్పున పెరిగే హవాయి జెయింట్ రకాలు 1970లలో ప్రచారంలోకి వచ్చాయి. హవాయి విశ్వవిద్యాలయంలో జేమ్స్ బ్రూబేకర్ ఆ రకాల మీద పనిచేశారు, కె-8 వాటిలో పేరుమోసింది. మన దేశంలో గాంధీ గారి శిష్యుడు మణిభాయ్ దేశాయ్, పుణె దగ్గర ఉరుళీ కాంచన్‌లో 1967లో ఆయన స్థాపించిన బైఫ్ సంస్థ, ఈ చెట్టుని ఊరూరా తీసుకెళ్ళాయి. సుబాబుల్ అంటే "మంచి తుమ్మ" అని అర్థం. పశువుకి మేత, పొయ్యికి కట్టె, భూమికి నత్రజని. బీద రైతుకి ఇంతకన్నా ఏం కావాలి?

1988లో సిల్లిడ్ అనే చిన్న పురుగు మన దేశానికి వచ్చింది. చిగుళ్ళ రసం పీల్చేసి తోటలన్నీ మాడ్చింది. అది కూడా అమెరికా ఖండం నుంచి పసిఫిక్ దీవుల మీదుగా దేశం దేశం దాటుకుంటూ వచ్చినదే. చూశారా, పురుగు మాత్రం చెట్టుని వెతుక్కుంటూ సముద్రం దాటి వచ్చింది. తర్వాత మా ప్రకాశం, గుంటూరు, కృష్ణా వైపు పేపరు మిల్లుల కోసం సుబాబుల్ వేలాది ఎకరాల్లో వచ్చింది. మేత చెట్టు కాస్తా కలప చెట్టయింది. దాన్ని ఎలా మేపాలో చెప్పే మాట మధ్యలో ఎక్కడో జారిపోయింది. నాలాంటివాడికి చెట్టు తెలుసు, టన్ను రేటు తెలుసు, ఆకు సంగతి తెలియదు.

మాంసం సంగతికి వస్తే

ఎదుగుదల ఒక ఎత్తు, మాంసం ఒక ఎత్తు. గొర్రె ఏం తిన్నదో దాని కొవ్వు చెబుతుంది. ఈ మాట మా ఊరి మాంసం కొట్టు భాయి ఎప్పుడూ అంటాడు. కొవ్వు మీద వేలు నొక్కి, "ఇది దాణా మీద పెరిగింది, ఇది కొండ మేసింది" అని చెప్పేస్తాడు. ఇదేదో గొప్పలు పోతున్నాడనుకునేవాణ్ణి. కాదు.

స్కాట్లాండ్‌లో అబర్డీన్ దగ్గర రోవెట్ పరిశోధనా సంస్థ ఉంది. 1970ల మొదట్లో అక్కడ గొర్రెపిల్లల్ని బార్లీ దాణా మీద గబగబా పెంచారు. బరువు బాగా వచ్చింది. కోస్తే కొవ్వు గట్టిగా పేరుకోలేదు, మెత్తగా జారిపోతోంది. కసాయివాళ్ళు వద్దన్నారు. కారణం వెతికితే, పిండి పదార్థం పొట్టలో మరీ వేగంగా పులిసి ప్రొపియానిక్ ఆమ్లం అతిగా తయారవుతోంది, దానివల్ల కొవ్వు తీరే మారిపోతోంది అని తేలింది. రాబర్ట్ ఓర్‌స్కావ్ అనే ఆయన, ఆయన తోటివాళ్ళు చూపించిన ఉపాయం ఏంటో తెలుసా? గింజని ఆడించకుండా గింజగానే వేయడం. గొర్రె తనే నమిలి, నెమరేసి నిదానంగా అరాయించుకుంటుంది, కొవ్వు గట్టిపడుతుంది. మా మామ జొన్నలు ఎప్పుడూ గింజగానే వేసేవాడు. "మిల్లుకి తీసుకెళ్ళి ఆడించొచ్చు కదా మామా" అని నేను ఎగతాళి చేసేవాణ్ణి. ఆయన ఇప్పుడు లేడు. ఉంటే అబర్డీన్ కథ చెప్పేవాణ్ణి.

వాసన సంగతి కూడా ఉంది. 1960లు, 70లలో న్యూజిలాండ్, ఆస్ట్రేలియా పరిశోధకులు గడ్డి మీద పెరిగిన పిల్లల మాంసాన్నీ, క్లోవర్, లూసర్న్ లాంటి పప్పుజాతి పచ్చిమేత మీద పెరిగిన పిల్లల మాంసాన్నీ వండించి రుచి చూపించారు. పప్పుజాతి మేత మీద పెరిగినవాటికి వాసన ఘాటుగా ఉందన్నారు తిన్నవాళ్ళు. మాంసకృత్తులు ఎక్కువున్న పచ్చిమేత పొట్టలో మిగులుగా విరిగినప్పుడు పుట్టే స్కటోల్ లాంటి పదార్థాలు కొవ్వులో చేరడం దీనికి ఒక కారణం. ముసలి పొట్టేలులో వచ్చే వాసన వేరు. వయసుతోపాటు కొవ్వులో పేరుకునే కొన్ని ప్రత్యేక ఆమ్లాలు దానికి మూలమని 1975లో న్యూజిలాండ్ వాళ్ళు చెప్పారు.

అలాగని పచ్చిమేత చెడ్డదని కాదు. పచ్చి ఆకు తిన్న పిల్ల మాంసంలో ఒమేగా-3 కొవ్వులు దాణా పిల్లలో కంటే ఎక్కువ. పచ్చి ఆకులోని విటమిన్ ఇ వల్ల మాంసం కొట్టులో వేలాడదీసినా ఎరుపు చప్పున నల్లబడదు. దాణా మీద పిల్ల త్వరగా బరువు తూగుతుంది, కానీ కొవ్వు ఎక్కువ పడుతుంది, జేబుకి చిల్లు పడుతుంది. వట్టి చొప్ప మీద పిల్ల బతుకుతుంది, పెరగదు. ఏ మేతా ఒక్కటే గొప్పది కాదు. మా మామ అన్న "ఒక్క కూరతో అన్నం" మాటకి అర్థం అదే. అది నేను పిల్లల్ని పోగొట్టుకుని నేర్చుకున్నాను.

ఇప్పుడు నేనేం చేస్తున్నాను

చాలామంది అడిగేది ఇదే కాబట్టి వివరంగా రాస్తాను.

సుబాబుల్ ఆపలేదు. మొత్తం మేతలో మూడో వంతు దాటనివ్వను. మొదలుపెట్టేటప్పుడు రోజుకి ఒక్కో పిల్లకి గుప్పెడుతో మొదలుపెట్టి రెండు మూడు వారాల మీద పెంచుతాను. పొట్ట అలవాటు పడాలి. చిగుళ్ళు ఒక్కటే కాకుండా ముదురాకు కలిపి, ఒక పూట వాడనిచ్చి వేస్తాను. మిగతా మేతలో సగం ఎండు మేత, అంటే వేరుశెనగ కట్టె, కంది పొట్టు, జొన్న చొప్ప నరికి. మిగిలింది పచ్చగడ్డి, బయట మేసి వచ్చేది. అమ్మే ముందు రెండు నెలలు పూటకి కొంచెం మొక్కజొన్న గింజగానే. చివరి రెండు వారాలు సుబాబుల్ బాగా తగ్గించి కట్టె, చొప్ప ఎక్కువ చేస్తాను. ఉప్పు గడ్డ దొడ్లో ఎప్పుడూ వేలాడుతూ ఉంటుంది. చూలు గొర్రెలకి ఈ ఆకు మరీ తక్కువ. కుందేళ్ళకీ కోళ్ళకీ అయితే అసలు నమ్ముకోవద్దు, గొర్రె పొట్ట చేసే పని వాటి పొట్ట చేయలేదు.

వారానికి ఒకసారి పిల్లల వీపు మీద బొచ్చు పట్టి లాగి చూడండి. చేతికి వస్తే ఆ రోజే ఆకు ఆపండి. గొంతు కింద తడిమి చూడండి. మీ మందలో ఆ జోన్సీ సూక్ష్మజీవి ఉందో లేదో కంటికి కనబడదు. పక్కూరాయన మంద తట్టుకుంది కదా అని మీ మంద తట్టుకుంటుందని అనుకోవద్దు. ఆయన జీవాల కడుపులో ఉన్నది మీ జీవాల కడుపులో ఉండాలని లేదు.

పోయిన నెల ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. ఉద్యోగం మానేసి యాభై పిల్లలు తెచ్చాడట, కొత్తగా షెడ్డు వేశాడట. "అంకుల్, ఫీడ్ కాస్ట్ జీరో, మొత్తం సుబాబుల్ ప్లాన్" అన్నాడు. గొంతులో ఎంత ఉత్సాహమో. 2002లో నా గొంతు కూడా అచ్చం అలాగే ఉండి ఉంటుంది. అరగంట మాట్లాడాను. విన్నాడో లేదో తెలియదు. ఈ పోస్టు ముఖ్యంగా ఆ కుర్రాడి కోసమే రాశాను. మీకు తెలిసినవాళ్ళెవరైనా అలాంటి లెక్కలో ఉంటే వాళ్ళకి కూడా చూపించండి.

మీ ఊళ్ళో పెద్దవాళ్ళు గొర్రెపిల్లలకి ఏమేం కలిపి పెట్టేవాళ్ళో అడిగి నాకు చెప్పండి. తుమ్మకాయలు, అవిశాకు, రేగు కంప, చింతాకు, ఏదైనా సరే. ఎందుకు పెట్టేవాళ్ళో వాళ్ళకి తెలియకపోవచ్చు. ఎంత పెట్టేవాళ్ళో మాత్రం కచ్చితంగా అడగండి.